స్మార్ట్ ఇంటికి నిజం చెప్పే నియంత్రణలు: రూపకల్పన మొదటి అడుగు నుంచి

మా అమ్మకు ఫోను తెర మీద అక్షరాలు కనిపించాలంటే కళ్లజోడు కావాలి. రాత్రివేళ కళ్లజోడు వెతకాలంటే లైటు కావాలి. ఆ లైటు ఫోనుతోనే వెలుగుతుంది. విజయవాడలోని మా ఇంట్లో స్మార్ట్ బల్బులు పెట్టిన వారానికి అమ్మ ఈ మాట చెప్పింది. ఇంటి నియంత్రణల గురించి నేను ఆలోచించే తీరు ఆ రోజుతో మారింది.

ఆ తర్వాత మా ఇంటి నియంత్రణలను మళ్లీ మొదటి నుంచి చేశాను. చెల్లెలి ఫ్లాటుకు, మరికొందరు బంధువుల ఇళ్లకు కూడా చేశాను. వాటిలో నిలబడిన పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ దగ్గర రెండు గదుల ఫ్లాటు ఉన్నా, మేడ మీద ట్యాంకు, పెరట్లో బోరు ఉన్న సొంత ఇల్లు ఉన్నా ఇది పనికొస్తుంది.

జెరాక్స్ సంస్థ పరిశోధనశాల పార్క్‌లో పనిచేసిన మార్క్ వైజర్ ఒక వ్యాసంలో, రాత మన చుట్టూ ఎలా సహజంగా కలిసిపోయిందో కంప్యూటర్లూ అలాగే పరిసరాల్లో కలిసి కంటికి కనబడకుండా పోవాలని రాశాడు. అది 1991 నాటి మాట. ఇప్పుడు బల్బులో, ఫ్యానులో, తాళంలో, నీళ్ల ట్యాంకులో కంప్యూటర్ ఉంది. కనబడని యంత్రాన్ని అదుపు చేయాలంటే అది ఏ స్థితిలో ఉందో ముందు తెలియాలి. ఇంట్లో ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పడం, ఇంట్లో ఎవరినీ నిస్సహాయులను చేయకపోవడం: ఈ రెండింటినీ గట్టిగా పట్టుకుంటే మిగతా నిర్ణయాలు వాటంతట అవే తేలుతాయి.

1. తెర గీయకముందు ఒక వారం నోటుపుస్తకం

కంప్యూటర్ ముందు కూర్చోవద్దు. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంట్లో స్విచ్చులు ఎవరు, ఎప్పుడు, ఎలా వాడుతున్నారో వారం రోజులు రాయండి. నాలుగు గడులు చాలు: ఎవరు, ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడి, చేతులు ఏ స్థితిలో ఉండగా.

ఆ చివరి గడి చాలా ముఖ్యం. వంటింట్లో చిమ్నీ వేసే సమయానికి అమ్మ చేతులకు పిండి ఉంటుంది. నాన్న నాలుగున్నరకు లేచి చీకట్లో గోడ తడుముకుంటూ బాత్‌రూముకు వెళ్తారు. పొద్దున్నే వచ్చే పనిమనిషి మోటారు వేస్తుంది. ఆమె దగ్గర మా ఇంటి వైఫై పాస్‌వర్డు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. పక్క వీధిలోని పిన్ని సాయంత్రం వస్తే వరండాలో లైటు తానే వేసుకుంటుంది. వారం గడిచాక చూస్తే, ఫోను చేతిలో ఉండగా చేసిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నాయి.

ఈ పట్టికలో ప్రతి వరుస పక్కన, ఆ పనికి ఏ రకమైన నియంత్రణ సరిపోతుందో రాయండి. గోడ స్విచ్చా, కదలికను పట్టే సెన్సరా, గోడకు బిగించిన తెరా, ఫోనా, మాటా? మా ఇంట్లో ఆ క్రమమే తేలింది: ముందు గోడ స్విచ్చు, తర్వాత సెన్సర్, ఆ తర్వాత గోడ తెర, చివరికి ఫోను. మాట ఈ నాలుగింటికీ తోడుగా ఉంటుంది; ఏ ఒక్కదాని స్థానాన్నీ అది తీసుకోకూడదు.

2. పరికరాలను రెండు కుప్పలుగా విడదీయండి

తమ స్థితి తాము చెప్పగలిగేవి ఒక కుప్ప. చెప్పలేనివి ఇంకో కుప్ప. ఈ విభజన చేయకుండా తెర గీస్తే ఆ తెర మొదటి రోజు నుంచే అబద్ధాలు చెబుతుంది.

ఏసీ రిమోట్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. దాని చిన్న తెర మీద 24 అని కనిపిస్తుంది. (స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవాలన్న నిబంధన మన దేశంలో 2020 జనవరి 1 నుంచి ఉంది.) మీరు ఇంకో గదిలో నిలబడి రిమోట్ నొక్కి 20కి తగ్గించండి. రిమోట్ 20 అని చూపిస్తుంది. ఏసీ 24 దగ్గరే ఉంటుంది. రిమోట్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఒక వైపే వెళ్తుంది, ఏసీ నుంచి తిరిగి ఏ జవాబూ రాదు. రిమోట్ తెర మీద ఉన్నది ఏసీ స్థితి కాదు, రిమోట్ నమ్మకం. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తీసుకునే రకం) ఫ్యాన్లలో చాలావాటిదీ ఇదే కథ. ఇన్‌ఫ్రారెడ్ పంపే పెట్టె ఒకటి కొని, దాన్ని ఫోను యాప్‌కు కలిపి, స్మార్ట్ ఏసీ అయిపోయిందనుకుంటే ఆ రిమోట్ చేసే తప్పునే పెద్ద తెర మీదకు తెచ్చినట్టు.

ఈ తప్పు ఎంత దూరం పోగలదో 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో తెలిసింది. త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో పీడనం తగ్గించే ఒక వాల్వు తెరుచుకుని, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. నియంత్రణ గదిలో దానికి ఒక దీపం ఉంది. ఆ దీపం ఆరిపోయింది కాబట్టి వాల్వు మూసుకుందని అక్కడి సిబ్బంది అనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది, మూసుకొమ్మన్న సంకేతం వెళ్లిందని మాత్రమే. వాల్వు మూసుకుందని కాదు. రెండు గంటలకు పైగా శీతలీకరణ నీరు ఆ వాల్వు గుండా పోతూనే ఉంది, రియాక్టర్ గుండె కొంత కరిగిపోయింది. ఇంట్లో బోరు మోటారుకు బొత్తాం గీసేటప్పుడు నాకు ప్రతిసారీ ఆ దీపం గుర్తొస్తుంది.

చెప్పలేని కుప్పలో ఉన్నవాటికి నోరు ఇవ్వడానికి మార్గాలున్నాయి. ఏసీ ప్లగ్గు దగ్గర కరెంటు కొలిచే పరికరం పెడితే కంప్రెసర్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. గేటుకు అయస్కాంతపు సెన్సర్ పెడితే మూసి ఉందో తెరిచి ఉందో తెలుస్తుంది. మోటారు తీగ చుట్టూ బిగించే కరెంటు సెన్సర్ ఇంకా మేలు: మోటారు నడుస్తోందని మాత్రమే కాదు, బోరులో నీళ్లు లేకుండా వట్టిగా తిరుగుతోందన్న విషయమూ అదే చెబుతుంది, ఎందుకంటే నీరు ఎత్తనప్పుడు మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది. ఇవేవీ కుదరకపోతే తెర మీద "24 డిగ్రీలు" అని రాయకండి. "చివరగా పంపింది: 24, సాయంత్రం 6:10" అని రాయండి. చదివే మనిషి మోసపోడు.

3. ఒక్క బొత్తానికి ఐదు ముఖాలు

వెలిగి ఉండటం, ఆరి ఉండటం అనే రెండు స్థితులతో ఏ బొత్తామూ పూర్తి కాదు. కాగితం మీద ఒక్కో పరికరానికి ఐదు గడులు గీయండి: ఆగి ఉంది, ఆజ్ఞ వెళ్లింది కానీ జవాబు రాలేదు, నడుస్తోంది, ఆజ్ఞ విఫలమైంది, పరికరం అందుబాటులో లేదు. ఐదింటికీ ఐదు రూపాలు ఉండాలి. అవి రంగుతో మాత్రమే తేడాగా ఉంటే చాలదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు కొందరికి ఉంటాయి, ముఖ్యంగా మగవాళ్లలో. గుర్తు ఆకారం మారాలి, మాట కూడా మారాలి.

కాలం కొలతలు కూడా ఇక్కడే వేసుకోవాలి. వాడుక సౌలభ్యం మీద పనిచేసిన జాకబ్ నీల్సన్ 1993లో ఇచ్చిన మూడు హద్దులు ఇప్పటికీ నా గీటురాళ్లు: సెకనులో పదో వంతు లోపు స్పందన వస్తే తన వేలే పని చేసిందని మనిషి అనుకుంటాడు, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు ఇంకో పని మీదకు పోతుంది. కాబట్టి వేలు పడగానే బొత్తాం కొద్దిగా నొక్కుకున్నట్టు కనిపించాలి. అది "నీ వేలు తగిలింది" అన్న కబురు. స్థితి గుర్తు మాత్రం పరికరం నుంచి జవాబు వచ్చాకే మారాలి. ఒక సెకను దాటితే "పంపుతున్నాం" అని చూపండి. పది సెకన్లు దాటితే విఫలమైందని ఒప్పుకుని పాత స్థితికి తిరిగి రండి. జవాబు రాకముందే "వెలిగింది" అని చూపడం చాలా యాప్‌లలో అలవాటు. లైటు విషయంలో దాన్ని ఒప్పుకోవచ్చు, తల పైకెత్తితే నిజం కనిపిస్తుంది. పెరట్లోని బోరు మోటారుకు, వీధి గేటుకు మాత్రం ఎన్నడూ ఒప్పుకోకూడదు.

లోపలి ఏర్పాటు కూడా దీనికి తగ్గట్టే ఉండాలి. ఇళ్లలోని పరికరాల మధ్య కబుర్లు మోయడానికి ఎక్కువగా వాడే ఎంక్యూటీటీ అనే పద్ధతి 1999లో చమురు గొట్టాల మీద ఉపగ్రహం ద్వారా నిఘా పెట్టడానికి పుట్టింది. సన్నని, తెగిపోయే లింకుల కోసం తయారైంది కాబట్టి మన ఇళ్లకు బాగా నప్పుతుంది. ఇందులో ఆజ్ఞకు ఒక దారి, స్థితికి వేరే దారి పెట్టండి: "ఇల్లు/మోటారు/ఆజ్ఞ", "ఇల్లు/మోటారు/స్థితి". తెర మొదటిదానికి రాస్తుంది, రెండోదాన్ని చదువుతుంది. పరికరం చెప్పాపెట్టకుండా మాయమైతే దాని తరఫున ప్రకటించాల్సిన ఆఖరి సందేశాన్ని ముందే మధ్యవర్తి సర్వర్ (కబుర్లు అందుకుని పంచే కంప్యూటర్) దగ్గర దాచి ఉంచే వీలు ఇందులో ఉంది. "అందుబాటులో లేదు" అనే ముఖానికి ఆధారం అదే. పలకరింపు వ్యవధి (పరికరం తాను ఉన్నానని చెప్పాల్సిన గడువు) 60 సెకన్లు పెడితే పరికరం పోయిన సంగతి తెలియడానికి 90 సెకన్లు పట్టవచ్చు. మోటారుకు దాన్ని తగ్గించుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ పద్ధతిలో చివరి సందేశాన్ని నిల్వ ఉంచి, కొత్తగా కలిసిన పరికరానికి వెంటనే అందించే ఏర్పాటు కూడా ఉంది. స్థితికి అది మంచిది. ఆజ్ఞకు వాడితే ప్రమాదం. ఒక బంధువుల ఇంట్లో నేను చేసిన ఏర్పాటులో "మోటారు వెయ్యి" అన్న ఆజ్ఞ అలా నిల్వ ఉండిపోయింది. రాత్రి కరెంటు పోయి, రెండు గంటలకు తిరిగి వచ్చింది. మోటారు పెట్టె మేలుకుని, నిల్వ ఉన్న ఆజ్ఞ అందుకుని పని మొదలుపెట్టింది. ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు కారుతున్న చప్పుడుకు ఇల్లంతా లేచింది. ఆజ్ఞలను ఎప్పుడూ నిల్వ ఉంచకండి.

4. గోడ మీది స్విచ్చుదే పైచేయి

స్మార్ట్ బల్బు కొంటే గోడ స్విచ్చు శత్రువవుతుంది: ఎవరో అలవాటుగా ఆపేస్తారు, బల్బుకు కరెంటు ఉండదు, యాప్ పలకదు. అందుకే బల్బు మామూలుదే ఉంచి, స్విచ్ బోర్డు వెనక రిలే (సంకేతం అందగానే కరెంటు కలిపే, తెంచే చిన్న స్విచ్చు) పెట్టడం నా సలహా. గోడ స్విచ్చు ఆ రిలేకు సంకేతం ఇస్తుంది. ఫోనూ సంకేతం ఇస్తుంది. ఎవరు ఎక్కడ నొక్కినా లైటు మారుతుంది. స్విచ్చు పైకా కిందకా అన్నది అప్పుడు ముఖ్యం కాదు. నెట్‌వర్కు మొత్తం పడిపోయినా స్విచ్చు పనిచేయాలి. కొనేముందు దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

మన ఇళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. చాలా బోర్డుల్లో స్విచ్చులతో పాటు ప్లగ్గు కూడా ఉంటుంది కాబట్టి రిలేకు కావాల్సిన న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అక్కడికే వచ్చి ఉంటుంది. పాత అమెరికా ఇళ్లలో స్విచ్చు దగ్గర న్యూట్రల్ దొరక్క పడే బాధ మనకు తక్కువ. కానీ గీజరు విషయంలో జాగ్రత్త: 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల చిన్న రిలే మీద దాన్ని రోజూ గంటసేపు నడిపితే రిలే వేడెక్కుతుంది. 16 ఆంపియర్లది పెట్టండి. మోటారును రిలేతో నేరుగా నడపకండి. రిలే కాంటాక్టర్‌ను (పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చును) కదిలించాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ చేత, మెయిన్ ఆపి చేయించండి.

కరెంటు తిరిగి వచ్చినప్పుడు ప్రతి పరికరం ఏ స్థితిలో లేవాలో ముందే నిర్ణయించండి. పడకగది లైట్లు ఆరి ఉండాలి, ఫ్యాను పాత వేగంతో తిరగాలి, గీజరు, మోటారు తప్పనిసరిగా ఆగి ఉండాలి. రౌటర్, ఇంటి సర్వర్ రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి.

సర్వర్ ఇంట్లోనే ఉండాలని గట్టిగా చెబుతాను. పాలస్ షౌట్సెన్ 2013లో మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. 2021 డిసెంబర్ 7న అమెజాన్ క్లౌడ్ సేవలు (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే దాని కంప్యూటర్లు) కొన్ని గంటలు నిలిచిపోతే ఇళ్లలో గచ్చు ఊడ్చే యంత్రాలు, తలుపు గంటలు మూగబోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే సంస్థ ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేస్తే, దాన్ని నమ్మి ఇల్లంతా అమర్చుకున్నవాళ్లు ఒక్క రోజులో యాప్ కోల్పోయారు. కొత్త పరికరాలు కొంటుంటే మ్యాటర్ గుర్తు ఉన్నవి చూడండి. 2022 అక్టోబర్‌లో వచ్చిన ఈ ప్రమాణం స్థానిక నెట్‌వర్కులోనే మాట్లాడుతుంది, ఒకే పరికరాన్ని ఒకటికి మించిన యాప్‌లతో కలుపుకోనిస్తుంది.

5. పేర్లు ఇంటివాళ్ల నోటి నుంచి రావాలి

"లైట్ 1", "లైట్ 2" అన్న పేర్లు పెట్టినవాడికి తప్ప ఎవరికీ అర్థం కావు. ఇంటివాళ్లను అడగండి, వాళ్లు ఇప్పటికే పిలుస్తున్న పేర్లు రాసుకోండి. మా ఇంట్లో దొరికినవి: దేవుడి గది దీపం, వసారా లైటు, నాన్న ఫ్యాను, పెరటి లైటు, మేడ మెట్ల లైటు. ఒకరు "హాలు" అని, ఇంకొకరు "ముందు గది" అని అంటుంటే రెండూ ఉంచండి. ఒకటి తెర మీది పేరు, రెండోది మాటల్లో పనిచేసే మారుపేరు.

పేరు తర్వాత క్రియ. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే ఆన్, ఆఫ్. తెలుగులో లైటు వెలుగుతుంది, ఆరుతుంది. ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది. మోటారు నడుస్తుంది. గేటు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తాళం పడుతుంది. ఈ తేడాలను తెర మీద అలాగే ఉంచండి. తాళం బొమ్మ పక్కన "ఆన్" అని రాస్తే తాళం వేసి ఉందా తీసి ఉందా? "తాళం వేసి ఉంది" అని రాస్తే అనుమానమే రాదు. బొత్తాం మీద "ఆపు" అని ఒక్క మాట రాస్తే అది ఇప్పటి స్థితా, నొక్కితే జరిగే పనా అన్న తికమక కూడా పోవాలి. పైన పెద్ద అక్షరాల్లో స్థితి, కింద చిన్న బొత్తాంలో పని: "మోటారు నడుస్తోంది" అని పైన, "ఆపండి" అని కింద. పెద్దవాళ్లు చదివే తెర "ఆపు, వెయ్యి" అనకూడదు. "ఆపండి, వేయండి" అనాలి.

మనిషి యంత్రంతో మాట్లాడేటప్పుడు ఆజ్ఞ ఎన్ని రకాలుగా వస్తుందో వినండి. లైటు ఆర్పు, తీసెయ్యి, కట్టెయ్యి, ఆపెయ్యి, బంద్ చెయ్యి: అన్నిటికీ ఫలితం ఒకటే కావాలి. దేవుడి గది సంగతి వేరు. అక్కడ దీపాన్ని "ఆర్పు" అనడానికి పెద్దవాళ్లకు నోరు రాదు. దీపం "కొండెక్కింది" అంటారు. అక్కడున్నది విద్యుత్ దీపమే అయినా అమ్మ ఆ మాట అనదు. అందుకని ఆ దీపానికి మాటతో ఆర్పే ఏర్పాటే తీసేసి, రాత్రి తొమ్మిదిన్నరకు దానంతట అదే మెల్లగా తగ్గేలా పెట్టాను. తెర మీద దాని ఆరిన స్థితికి "కొండెక్కింది" అనే రాసి ఉంటుంది.

తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే పని ఇంట్లోని కంప్యూటర్‌లోనే చేయవచ్చు. 2022లో వచ్చిన విస్పర్ అనే సాఫ్ట్‌వేర్ తెలుగును గుర్తిస్తుంది, కాకపోతే దాని చిన్న నమూనాల్లో తప్పులు ఎక్కువ. తప్పుగా విన్నా ప్రమాదం లేని పనులకే మాటను వాడండి.

6. గోడ తెర: తెలుగు అక్షరానికి చోటివ్వండి

ముందు అట్టముక్క మీద అసలు పరిమాణంలో గీసి, గోడకు అంటించి, ఇంటివాళ్లను "మోటారు వేయండి" అని అడిగి చూడండి. వేలు ఎటు పోతుందో గమనించండి. రెండు రోజుల్లో సగం బొత్తాలు తీసేస్తారు. మా హాలు తెర మీద మిగిలినవి ఆరు: ట్యాంకు నీటి మట్టం, మోటారు, గీజరు, వీధి గేటు, ఇన్వర్టర్ బ్యాటరీ, "అందరం పడుకుంటున్నాం". లైట్లు ఒక్కటీ లేవు, వాటికి స్విచ్చులున్నాయి.

తెలుగు లిపి నిలువుగా చోటు అడుగుతుంది. పైన గుడులు, తలకట్లు. కింద వత్తులు, వత్తుల కింద వత్తులు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా కట్టిన బొత్తాంలో "లక్ష్మి గది" అని రాసి చూడండి, క్ష కింద మ వత్తు సగానికి తెగిపోతుంది. "ఇన్వర్టర్" కింద ట వత్తు అంచుకు తగులుతుంది. పంక్తి ఎత్తు అక్షర పరిమాణానికి 1.6 రెట్లయినా ఉంచండి, బొత్తాం అడుగున అదనంగా ఖాళీ వదలండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు చిన్న పరిమాణంలోనూ స్పష్టంగా ఉంటాయి. మాట పొడవుగా ఉందని చుక్కలు పెట్టి నరికేయకండి, రెండు పంక్తుల్లో రాయండి.

రెండు మీటర్ల దూరం నుంచి చదవాల్సిన అంకెలు, అంటే ట్యాంకు మట్టం లాంటివి, కనీసం ఒక సెంటీమీటరు ఎత్తు ఉండాలన్నది నేను పాటించే కొలత. అక్షరానికి, వెనకటి రంగుకు మధ్య తేడా నిష్పత్తి వెబ్ సౌలభ్య ప్రమాణాలు అడిగే 4.5:1కి తగ్గకూడదు. రాత్రి తెర వెలుగు తగ్గాలి, దగ్గరకు వస్తేనే పెరగాలి. వెలుగు తగ్గించే జారుడు గీత పెడితే వేలు కదిలిన ప్రతిసారీ ఆజ్ఞ పంపకండి. వేలు ఎత్తాక ఒకటి పంపండి, లేకపోతే జిగ్‌బీ (చిన్న పరికరాలు తక్కువ కరెంటుతో మాట్లాడుకునే రేడియో పద్ధతి) లాంటి సన్నని నెట్‌వర్కు ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

పాత టాబ్లెట్‌ను గోడకు బిగించి ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. దాని ఛార్జర్‌కు ఒక స్మార్ట్ ప్లగ్గు పెట్టి 30 శాతానికి దిగితే వెలిగి, 80 దగ్గర ఆగేలా చేయండి.

7. ఇల్లు తనంతట తాను చేసే పనులకు కారణం చెప్పాలి

లైటు దానంతట అదే వెలిగితే మొదటిసారి ముచ్చట, ఎందుకు వెలిగిందో తెలియకపోతే రెండోసారి భయం. ప్రతి స్వయంచాలక పనికీ తెర మీద ఒక వాక్యం ఉండాలి: "పెరటి లైటు వెలిగింది, 7:42, గేటు తెరుచుకున్నందుకు". ఈ చిట్టా చివరి ఇరవై పనులు చూపితే చాలు.

మనిషి చేసిన పని యంత్రం చేసిన పనికంటే పైన ఉండాలి. నాన్న గోడ స్విచ్చుతో లైటు ఆర్పితే, కదలిక సెన్సర్ మళ్లీ వెలిగించకూడదు. ఎంతసేపు? హాల్లో రెండు గంటలు, పడకగదిలో తెల్లవారేదాకా అని పెట్టాను. ఆ గడువు కూడా తెర మీద కనిపిస్తుంది.

బాత్‌రూము మీద కాస్త ఎక్కువ ఆలోచించండి. చవక కదలిక సెన్సర్లు మనిషి ఒంటి వేడి కదిలితేనే పట్టుకుంటాయి. బకెట్ ముందు పీట మీద కూర్చుని తల రుద్దుకుంటున్న మనిషిని, ప్లాస్టిక్ తెర అవతల ఉన్న మనిషిని అవి చూడలేవు. సబ్బు కళ్లలో పడిన క్షణాన చీకటి అయితే తడి గచ్చు మీద పెద్దవాళ్లు పడిపోగలరు. తలుపు సెన్సర్‌ను కూడా కలపండి: తలుపు మూసి ఉండగా లోపల ఒక్కసారి కదలిక కనిపించిందంటే, తలుపు మళ్లీ తెరుచుకునేదాకా లైటు ఆరకూడదు. ఊపిరి కదలికను కూడా పట్టే మిల్లీమీటర్ తరంగాల సెన్సర్లు వచ్చాయి, కుదిరితే అవి పెట్టండి.

8. ఏది అరవాలి, ఏది ఊరకుండాలి

వైజర్ పనిచేసిన పార్క్ పరిశోధనశాలలోనే నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి పైకప్పు నుంచి ఎనిమిది అడుగుల ప్లాస్టిక్ తాడు వేలాడదీసింది. దాని మోటారు నెట్‌వర్కు తీగకు కలిపి ఉండేది. నెట్‌వర్కులో రద్దీ ఉంటే తాడు గిరగిరా తిరిగేది, లేకపోతే అప్పుడప్పుడు వణికేది. ఎవరూ దాన్ని చూస్తూ కూర్చోలేదు, అందరికీ సంగతి తెలిసేది.

మా మెట్ల దగ్గర ఒక నిలువు ఎల్‌ఈడీ పట్టీ ఉంది. ట్యాంకులో ఎంత నీరుంటే అంత ఎత్తున నీలంగా వెలుగుతుంది. అటుగా నడిచేవాళ్లకు కంటి చివర తెలిసిపోతుంది. మొత్తం ఏర్పాటులో ఇంటివాళ్లు ఎక్కువగా మెచ్చుకున్నది దాన్నే.

హెచ్చరికలను మూడు మెట్లుగా పెట్టండి. ఇలా ఊరకే కనిపించేవి మొదటి మెట్టు. ఫోనుకు చప్పుడు లేని కబురు రెండోది: బ్యాటరీ తగ్గింది, సెన్సర్ పలకడం లేదు. మూడో మెట్టులో మాత్రమే శబ్దం: గ్యాసు, పొగ, ట్యాంకు పొంగడం, అర్ధరాత్రి గేటు తెరుచుకోవడం. మూడో మెట్టులోకి ఇంకేదీ రానివ్వకండి.

9. ప్రమాదం ఉన్నవాటికి వేరే మర్యాద

గీజరు, మోటారు, గేటు, తాళం. వీటికి తేలికపాటి తాకుడు చాలకూడదు. రెండు సెకన్లు నొక్కి పట్టుకునే బొత్తాం పెట్టండి, నొక్కినంతసేపు అంచు నిండుతూ కనిపించాలి. "నిజంగానా?" అని అడిగే పెట్టెలు పెడితే వారానికి అలవాటు పడి చదవకుండానే అవునంటారు. ఆపే బొత్తానికి మాత్రం ఏ అడ్డూ ఉండకూడదు, ఒక్క తాకుడుకే ఆగాలి.

కాలపరిమితి సర్వర్‌లో కాకుండా పరికరంలోనే ఉండాలి. గీజరు రిలే లోపలే 30 నిమిషాల గడువు రాసి ఉంటే, సర్వర్ చచ్చినా అది ఆగుతుంది. మోటారు పెట్టెలో వట్టిగా తిరగడం పట్టే తర్కం కూడా అంతే. తాళాన్ని మాటతో తీసే ఏర్పాటు వద్దు. కిటికీ బయట నిలబడి ఎవరైనా ఆ మాట అనగలరు.

అద్దెకు ఉన్నవాళ్లు ఖాళీ చేసినా, పనిమనిషి మారినా, ఎవరి అనుమతులు ఎప్పుడు తీసేయాలో ఒక చోట రాసి ఉంచండి. యాప్ ఒక్కరి ఫోనులోనే ఉంటే ఇంటి మీద అధికారం కూడా ఆ ఒక్కరిదే అవుతుంది. భార్యాభర్తలిద్దరికీ సమాన హక్కులున్న ఖాతాలు తెరవండి.

10. చెడగొట్టి చూడండి

అప్పగించే ముందు ఒక ఆదివారం ఇంట్లో అందరూ ఉండగా ఈ వరుసలో చేయండి. ముందు ఇంటర్నెట్ తీగ పీకండి, ఏదీ మారకూడదు. తర్వాత రౌటర్ ఆపండి. గోడ స్విచ్చులన్నీ పనిచేయాలి, తెర "అందుబాటులో లేదు" అని ఒప్పుకోవాలి. సర్వర్ ఆపండి, గీజరు వేసి, అరగంటకు ఆగిందో లేదో చూడండి. చివరగా మెయిన్ దించి ఐదు నిమిషాల తర్వాత ఎత్తండి. ఏవి వెలిగాయో రాసుకోండి. ప్రతి అడుగులో కొత్తవాళ్లొకరు, పిన్నో బాబాయో, గదిలోకి వచ్చి లైటు వేసుకోగలిగారా అన్నది చూడండి. వాళ్లు ఎవరినైనా పిలవాల్సి వచ్చిందంటే ఆ గది పని ఇంకా మిగిలే ఉంది.

ఇక ఒక కాగితం. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు) పెట్టె తలుపు లోపలి వైపు అంటించాలి. ఏ ఎంసీబీ కింద ఏ రిలే ఉంది, సర్వర్ ఎక్కడుంది, దాన్ని మళ్లీ ఎలా మొదలుపెట్టాలి, స్మార్ట్ ఏర్పాటంతా పక్కనబెట్టి మోటారును పాత స్టార్టర్‌తో నేరుగా ఎలా నడపాలి: ఇవన్నీ పెద్ద అక్షరాల్లో, తెలుగులో. నేను ఊళ్లో లేనప్పుడు ఎలక్ట్రీషియన్ రెండుసార్లు ఆ కాగితం చదివే పని పూర్తి చేశాడు. సెన్సర్లలోని గుండ్రటి బ్యాటరీలను ప్రతి ఉగాదికి ఒకేసారి మారుస్తాం. ఆ రోజే కాగితాన్నీ సరిచూసి, తేదీ వేసి మళ్లీ అంటిస్తాను.